బడి వార్తకు డబ్బెవరిస్తారు? కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలు.

గత జూలైలో మా దగ్గరి ఒక బడికి వెళ్లాను. అయిదు తరగతులూ ఒకే గదిలో. ఉన్న ఒక్క టీచరమ్మ మధ్యాహ్న భోజనానికి వచ్చిన గుడ్లు లెక్కపెడుతూనే రెండో తరగతికి ఎక్కం చెప్పిస్తున్నారు. లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టారు. ఇది ఏ పత్రికలోనూ రాలేదు. పదో తరగతి మార్కుల ప్రకటనలు మాత్రం పేజీల నిండా వస్తాయి. విలేకరిని తప్పుపట్టను, ప్రకటనలు తెస్తేనే ఆయనకు పూట గడిచేది.

అమెరికాలో చాక్‌బీట్ అనే లాభాపేక్ష లేని సంస్థ బడుల వార్తలే రాస్తుంది. ఫౌండేషన్లు, పాఠకులు ఇచ్చే విరాళాలే దానికి ముఖ్య ఆధారం. మన దగ్గర 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ డబ్బు వేటికి ఖర్చుపెట్టవచ్చో చట్టం చెప్పిన జాబితాలో విద్య ఉంది, పత్రికారచన పేరు లేదు. అందుకే కాబోలు, దాతలు బడి గోడకు రంగు వేయించి తమ పేరు రాయించుకుంటారు. (రంగు వెలిసినా పేరు వెలవదు, అదేం చిత్రమో!)

కంపెనీలతో కూర్చున్నప్పుడు బడి వార్తలకూ కొంత ఇవ్వమనే మాట కూడా వాళ్ల చెవిన వేయండి. డబ్బు మాత్రం మీ కార్యాలయం గుండా పోకూడదు. ఎవరు ఎంత ఇచ్చారో అందరికీ తెలియాలి. ఏం రాయాలో చెప్పే హక్కు దాతకు ఉండకూడదు, మీకూ ఉండకూడదు.

ఈలోగా ఏ బడిలో ఎన్ని టీచరు పోస్టులు ఖాళీయో నెలనెలా తెలుగులో ప్రకటించండి. దానికి ఏ దాతా అక్కర్లేదు.

ఇట్లు,
జిల్లా వాసి ఒకరు