చెత్త ఏరారు సరే, లెక్క ఏదీ?

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మన సముద్రతీరంలో జరిగిన స్వచ్ఛతా కార్యక్రమం గురించి మరునాడు మీ పత్రికలో వచ్చిన వార్తనూ, దానికన్నా పెద్దదిగా వేసిన ఫొటోనూ చూసిన వెంటనే కలం పట్టబోయి, కోపం చల్లారాక రాయడం మర్యాద అని కొన్నాళ్లు ఆగాను. ఆగినందువల్ల కోపం తగ్గకపోగా రాయవలసింది మరింత పోగుపడింది.

ఫొటోలో ముందు వరుసలో నిలబడిన పెద్దల చేతి తొడుగులకు ఇసుక రేణువైనా అంటలేదు. వెనుక వరుసలో సగం ముఖాలే కనిపిస్తున్న విద్యార్థులు, ఏ పిలుపూ లేకుండానే ప్రతి ఉదయం నడకకు వచ్చి దారిలోని చెత్త ఏరుకుంటూ పోయే విశ్రాంత ఉద్యోగులు, తెల్లవారకముందే ఈతకు వచ్చేవారు మాత్రం నిజంగానే మోకాళ్ల మీద కూర్చొని పనిచేశారు. వారికి మీ వార్తలో దక్కింది ‘తదితరులు పాల్గొన్నారు’ అన్న రెండు మాటలు.

‘టన్నులకొద్దీ వ్యర్థాలు తొలగించారు’ అని రాశారు. ఎన్ని టన్నులు? తూచింది ఎవరు? వాటిలో సీసాలెన్ని, తెగిన వలముక్కలెన్ని, తినుబండారాల పొట్లాలెన్ని? ఎవరూ లెక్క రాయలేదు, మీ విలేకరీ అడగలేదు. నింపిన సంచులేమో నడకదారి మెట్ల పక్కన అలాగే ఉండిపోయాయి. వాటిని ఎత్తించవలసిన విభాగానికి ఫోన్ చేస్తే అది తమ పరిధిలోకి రాదని చెప్పి ఇంకొక నంబరు ఇచ్చారు, ఆ నంబరువారు మళ్లీ మొదటి నంబరే ఇచ్చారు. ఈలోగా కుక్కలు సంచులను చీల్చాయి. చివరికి కాగల కార్యం గంధర్వులే తీర్చినట్లు, లారీకన్నా ముందు పోటు వచ్చి వాటిని తీసుకుపోయింది. బుధవారం నాటికి అక్కడ మిగిలినవల్లా మెట్టు అంచుకు చిక్కుకున్న ఒక నీలం తాడు, ఆ పక్కనే కార్యక్రమంలో పంచిన నీళ్ల సీసాలు. వాటిపై అంటించిన ‘మన తీరం – మన బాధ్యత’ అన్న కాగితం ఇంకా ఊడిపోలేదు.

ఇలాంటి కార్యక్రమాలకు ఒరవడి పెట్టినవారు ఏం చేశారో నిర్వాహకులు ఒకసారి తెలుసుకోవాలి. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో లిండా మరానిస్, క్యాథీ ఒహారా అనే ఇద్దరు మహిళలు వాలంటీర్లను కూడగట్టి చెత్త ఏరించినప్పుడు, దొరికిన ప్రతి వస్తువునూ రకాలవారీగా పట్టికలో నమోదు చేయించారు. ఏటా సెప్టెంబరులో అనేక దేశాలలో జరిగే అంతర్జాతీయ తీర స్వచ్ఛతా దినానికి మూలం అదే, ఆ లెక్క రాసే అలవాటు నేటికీ దానికి ప్రాణం. ఏళ్ల తరబడి జాబితాలో మొదటి స్థానంలో నిలిచిన సిగరెట్ పీకలను 2019 లెక్కలలో తినుబండారాల పొట్లాలు తొలిసారిగా దాటేశాయని తెలిసింది ఆ పట్టికల వల్లనే. పొట్లాలు 47 లక్షలకు పైగా, పీకలు 42 లక్షలకు పైగా దొరికాయి. పీకలోని దూది వంటి ఫిల్టరు కూడా సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్కేనని మన నిర్వాహకులలో ఎందరికి తెలుసో! దాన్ని ఏరినవారు ఆదివారం ఒక్కరూ కనబడలేదు, సీసాలైతే ఫొటోలో బాగా కనిపిస్తాయి కదా.

లెక్క ఉంటే చెత్త ఎక్కడినుంచి వస్తున్నదో తెలుస్తుంది, తెలిస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి వస్తుంది. అధికారులకు లెక్కలంటే ఇంత విముఖత అందుకేనేమో. వలముక్కలు ఎక్కువైతే రేవులో పాత వలలు అప్పగించే చోటు ఉందా అని అడగవచ్చు. పొట్లాలు ఎక్కువైతే వాన పడగానే నగరం చెత్తనంతా సముద్రంలోకి మోసుకొచ్చే కాల్వల మొగల వద్ద జాలీలు ఎందుకు లేవని నిలదీయవచ్చు. జాలీ బిగించడానికి డ్రోన్ కెమెరా అక్కరలేదు, అతిథుల వేదికా అక్కరలేదు. అందుకే కాబోలు ఆ పని ముందుకు సాగదు.

పైగా ఇప్పుడు తీరాన్ని ‘అద్దంలా’ ఉంచడానికి యంత్రాలతో ఇసుకను దువ్విస్తామంటున్నారు. అలలు ఒడ్డున పడేసే నాచు వారి దృష్టిలో చెత్త. దాన్ని ఆశ్రయించి బతికే పురుగులూ, ఆ పురుగులను ఏరుకు తినే తీరపక్షులూ ఉన్నాయనీ, గాలికి కొట్టుకొచ్చే ఇసుకను ఆపి దిబ్బలు కట్టడంలో ఆ నాచుకు పాత్ర ఉందనీ వారికి చెప్పేవారు లేరు. విహారానికి వచ్చేవారి కోసమంటూ తీరం పొడవునా ఫ్లడ్‌లైట్లు కూడా ప్రతిపాదించారు. రాత్రివేళ గుడ్డు నుంచి బయటపడిన తాబేలు పిల్ల వెలుతురు ఎక్కువగా ఉన్న దిక్కే సముద్రమనుకొని నడుస్తుంది, ఈ దీపాలు దాన్ని నేరుగా రోడ్డు మీదికి రప్పిస్తాయి. నడకకు వెళ్లేవారికి వెలుతురు కావాలంటే దారి మీదికి మాత్రమే పడే గొడుగు దీపాలు చాలు.

వచ్చే నెల మళ్లీ ఇదే కార్యక్రమం ఉంటుందని ప్రకటించారు. అప్పుడైనా ఒక త్రాసు, పట్టికలు, అదే రోజు మధ్యాహ్నంలోగా సంచులను ఎత్తే బండి, దానికి బాధ్యుడైన అధికారి పేరు ముందే సిద్ధం చేయాలని నిర్వాహకులను కోరుతున్నాను. మీ పత్రిక సైతం అతిథుల పేర్లు వేసే చోట ఆ పట్టికను ప్రచురించాలని మనవి.

ఇట్లు,
రోజూ తీరంలో నడిచే ఒక పాఠకుడు