గళ్ల స్కర్టుకు వెనకవైపు ఫొటో కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారములు.

గత ఆదివారం మీ పత్రిక మహిళల పేజీలో స్కాట్లాండు కిల్టుల (మోకాలి దాకా ఉండే కుచ్చిళ్ల ఉడుపుల) గురించి, టార్టన్ అనే అక్కడి గళ్ల గుడ్డతో కుట్టే స్కర్టుల గురించి వచ్చిన వ్యాసంలో, తుంటి భాగం వెడల్పుగా ఉన్న స్త్రీలు గళ్ల జోలికి పోకూడదని, పొడవుగా, సన్నగా ఉన్నవారికే అవి నప్పుతాయని రాశారు. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఇరవై రెండేళ్లుగా ఆడవాళ్ల బట్టలు, బడిపిల్లల గళ్ల స్కర్టులు కుడుతున్న నేను ఆ మాట ఒప్పుకోలేకపోతున్నాను. వ్యాసం పక్కన వేసిన ఫొటోలన్నీ ముందువైపు నుంచి తీసినవే. గళ్ల స్కర్టు ఒంటికి నప్పడం, నప్పకపోవడం అనేది నడుము నుంచి తుంటి దాకా కుచ్చిళ్లను ఎలా పెట్టి కుట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది గనుక, పక్క నుంచీ వెనక నుంచీ చూడనిదే తీర్పు చెప్పడం కుదరదు.

పోయిన నెలలో ఒక డిగ్రీ విద్యార్థిని ఆన్‌లైన్‌లో కొన్న ఎర్ర గళ్ల స్కర్టును తెచ్చి, "అక్కా, ఇది వేసుకుంటే బుట్ట బోర్లించినట్టు ఉన్నానంటోంది మా అమ్మ" అంటూ నా మిషను బల్ల మీద పెట్టింది. నడుం పట్టీ చుట్టూ ఎడం లేకుండా కుచ్చిళ్లు ఉన్నాయి గానీ ఒక్కదానికీ కింది దాకా కుట్టు లేదు, కేవలం ఇస్త్రీతో నిలబెట్టారు. కాబట్టి పొట్ట మీదికి వచ్చేసరికి నాలుగు కుచ్చిళ్లు నోరు తెరిచాయి. పక్క కుట్టు దగ్గర ఎడమవైపు నల్ల పట్టీ కుడివైపు పట్టీ కంటే వేలెడు కిందికి దిగింది. నడుం పట్టీ ఊడదీసి, ముందువైపు జానెడున్నర మేర కుచ్చిళ్లు లేకుండా చదునుగా వదిలి, ఆ గుడ్డనంతా వెనక్కి జరిపి, ఒక్కో కుచ్చిలిని నడుము నుంచి ఆరంగుళాల కింది దాకా, పైన కాస్త ఎక్కువ మడతతో, కుట్టాను. పక్క కుట్టు విప్పి నల్ల పట్టీకి నల్ల పట్టీ కలిపాను. ఇందుకు నాకు ఒక పూట పట్టింది. కుట్టిన తర్వాత ఆ అమ్మాయి అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, చాలాసేపు కదల్లేదు.

ఇందులో నేను కనిపెట్టిన కిటుకేమీ లేదు, అసలు కిల్టును కుట్టే పద్ధతే అది. స్కాట్లాండులో కిల్టు మగవారి ఉడుపు. ముందు రెండు చదునైన రెక్కలు ఒకదాని మీద ఒకటి వస్తాయి, కుచ్చిళ్లన్నీ వెనకా పక్కలా ఉండి, నడుము నుంచి తుంటి దాకా కుట్టి ఉంటాయి, అక్కడి నుంచి మోకాలి దాకా వదులుగా విచ్చుకుంటాయి. పెద్ద పన్నా (వెడల్పు) ఉన్న ఉన్ని గుడ్డ నాలుగు గజాలను నిడివి వెంబడి రెండుగా చీల్చి, ఎనిమిది గజాల నిడివి చేసి వాడతారు. కింద అంచు మడవకుండా, నేతలోనే వచ్చిన గట్టి అంచును అలాగే ఉంచుతారు. అంత గుడ్డ మోసినా అది ఉబ్బుగా కనబడకపోవడానికి కారణం ఆ కుట్టే. అక్కడి సంప్రదాయ నాట్యంలో ఆడపిల్లలు వేసుకునే కిల్టులూ ఈ తీరులోనే ఉంటాయి.

కుచ్చిలి మడతలోనూ రెండు రకాలున్నాయి. గళ్ల వరస చెడకుండా మడిస్తే వెనకవైపు కూడా ముందువైపు లాగే గళ్లే కనబడతాయి. అలా కాకుండా ప్రతి కుచ్చిలి నడిమధ్యకూ ఒకే నిలువు చార వచ్చేలా మడిస్తే, నిలబడినప్పుడు వెనక భాగమంతా నిలువు చారలుగా ఉండి, నడిచేటప్పుడు లోపలి రంగులు తొంగిచూస్తాయి. తుంటి వెడల్పుగా ఉన్నవారికి ఈ రెండోది, అందులోనూ ముదురు చారను పైకి తెచ్చి కుట్టినది, చాలా బాగుంటుందని నా అనుభవం. పొట్టివారికి చిన్న గళ్లు మేలు, ఎందుకంటే పెద్ద గడి వారి ఒంటి మీద రెండుసార్లు కూడా పూర్తిగా రాదు. రంగు విషయానికొస్తే, బ్లాక్ వాచ్ అనే నలుపు, ఆకుపచ్చ, నీలం గళ్ల గుడ్డ దాదాపు అందరికీ నప్పుతుంది. రాయల్ స్టువర్ట్ ఎర్ర గళ్లు కంటికి ముందుగా ఆనతాయి కాబట్టి, వాటికి పైన ఒకే రంగు చొక్కా ఉండాలి. అంచు పిక్క లావుగా ఉన్న చోట ఆగకూడదు. మోకాలి దగ్గరైనా ఆగాలి, పిక్క దాటిన తర్వాతైనా ఆగాలి.

గుడ్డ సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు. రోహిణి కార్తెలో నెల్లూరులో ఉన్ని స్కర్టు వేసుకోమని శత్రువుకైనా చెప్పలేం. అచ్చమైన నూలైతే ఒక్క ఉతుకుకే కుచ్చిలి గీత చెరిగిపోతుంది. కొంత పాలిస్టరు కలిసిన నూలైతే గీత నిలుస్తుంది, చెమటకూ కొంత ఓర్చుకుంటుంది. కొనేముందు గుడ్డను తిరగేసి చూడాలి. వెనక రంగు వెలిసినట్టుంటే అది అచ్చు వేసిన గడి, దాని గీతలు పడుగు పేకల (నిలువు, అడ్డ దారాల) వెంట పోవు కాబట్టి ఏ దర్జీ కూడా అంచును తిన్నగా నిలపలేడు. నేసిన టార్టనులో పడుగుకూ పేకకూ రంగుల వరస ఒకటే ఉంటుంది, దగ్గరగా చూస్తే రంగులు కలిసిన చోట సన్నటి ఏటవాలు గీతలు కనబడతాయి. మన లుంగీ గళ్లలో ఆ ఏటవాలు ఉండదు, అది సాదా నేత. గళ్ల నేత మనకు కొత్తదేమీ కాదు. బాపట్ల జిల్లా చీరాలలో మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్ల గుడ్డ పశ్చిమాఫ్రికాకు ఎగుమతయ్యేది. అలాంటి నేత గుడ్డతో కుచ్చిళ్ల స్కర్టు కుట్టమని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు, ఎవరైనా అడిగితే కుట్టాలని నాకు ఉంది.

కొలత తెలియక గుడ్డ తక్కువ తెచ్చేవారు చాలామంది. చుట్టూ నిండు కుచ్చిళ్లు కావాలంటే తుంటి కొలతకు మూడింతల గుడ్డ కావాలి. తుంటి 40 అంగుళాలైతే 120 అంగుళాలు. 58 అంగుళాల పన్నా ఉన్న గుడ్డను నిడివిన రెండుగా చీలిస్తే ఇరవై ఆరంగుళాల పొడవు స్కర్టుకు 60 అంగుళాల గుడ్డ సరిపోతుంది. అయినా గళ్లు కలపడానికి పావు మీటరు ఎక్కువ తీసుకోవడం మంచిది. ముందు చదునుగా వదిలితే ఇంకా తక్కువే పడుతుంది.

ఇకమీదట ఇటువంటి వ్యాసాలు వేసేటప్పుడు స్కర్టు వెనకవైపు ఫొటో ఒకటి, అంగుళాల్లో పొడవు, గుడ్డ రకం, కుచ్చిళ్లు ఎంతవరకు కుట్టి ఉన్నాయన్నదీ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
ఒక మహిళా దర్జీ,
స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు