రెండు ట్రక్కుల రద్దు ఎక్కడ పోయాలి? మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం.

నేను కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్టణంలో ఉంటాను. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే ఇది ఒక్క మున్సిపాలిటీ మీద ఫిర్యాదు అయిపోతుంది. ఇంట్లో గోడో గదో పగలగొడితే వచ్చే రద్దు, అంటే ఇటుక, సిమెంటు, టైల్స్ ముక్కలు, ఎక్కడ పోయాలన్న ఇబ్బంది మా చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా ఉంది.

మా అమ్మకు 78 ఏళ్లు. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చుని లేవలేకపోతోంది. అందుకని ఈ వేసవిలో పాత బాత్‌రూమ్ పగలగొట్టించి, కమోడ్ పెట్టించి, కాలు జారని టైల్స్ వేయించాం. పనిలో పనిగా వంటింటికీ హాలుకీ మధ్య ఉన్న అడ్డగోడ కూడా తీయించాం. ఎనిమిదడుగులకు అయిదడుగుల బాత్‌రూమ్, ఒక గోడ, అంతే. దానికే నూట పది సిమెంటు గోతాల రద్దు వచ్చింది. గోతాం సగం నింపితేనే ముప్పై కిలోలు దాటుతుంది, అంతకు మించి నింపితే కూలీలు మోయలేరు. అంటే మూడు టన్నుల పైమాటే. ఇల్లు బాగు చేయించుకునేటప్పుడు టైల్స్ ఖర్చు, ప్లంబర్ ఖర్చు అన్నీ లెక్క వేసుకుంటాం కానీ, తీసేసింది ఎక్కడికి పోతుందన్న ఆలోచన ముందు ఎవరికీ రాదు. నాకూ రాలేదు.

గోతాలు వీధిలో గోడవారన పేర్చాం. మర్నాడు చెత్త బండి వచ్చింది. "ఇది చెత్త కాదండీ, మేం తీయకూడదు" అన్నారు కార్మికులు. వాళ్ల మాటలో తప్పు లేదు, ఇంటింటి చెత్త తీసుకెళ్లే ఆ చిన్న బండి ఇంత బరువు మోయలేదు. ఆఫీసుకి వెళ్లి అడిగితే సొంతంగా తోలించుకోమన్నారు. ఎక్కడికి అని అడిగాను. దానికి జవాబు లేదు. మూడో రోజున మాత్రం, దారికి అడ్డంగా ఉన్నాయి, తీయకపోతే జరిమానా అని మనిషిని పంపారు.

చివరికి మేస్త్రి ఒక ట్రాక్టరు మాట్లాడాడు. ట్రక్కుకి పన్నెండు వందలు, రెండు ట్రక్కులు. ట్రాక్టరతను రాత్రి పదకొండు దాటాక వచ్చాడు. "ఎవరికైనా మెరకకి కావాలేమో, అక్కడ పోయి బాబూ" అన్నాను. "ఈమధ్య టైల్సు ముక్కలున్న రద్దు ఎవరూ పోయించుకోవట్లేదు సార్. ఎక్కడో ఒకచోట పోస్తాలెండి, మీరు అడక్కండి" అన్నాడు. నేను అడగలేదు. డబ్బులిచ్చి లోపలికి వచ్చేశాను.

నెలన్నర తర్వాత కాలవలకు నీళ్లు వదిలారు. పొద్దున్నే గట్టు మీద నడుస్తుంటే వాలులో ఒక రద్దు కుప్ప, సగం నీళ్లలో, సగం బయట. అందులో ఆకుపచ్చ పువ్వుల టైలు ముక్క ఒకటి పైకి కనిపించింది. దాని మీద మూడు ఎర్ర బొట్టుబిళ్లలు, పక్కపక్కనే. అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు నుదుటి మీది బిళ్ల తీసి కుళాయి పైన గోడకు అంటించేది. ఎన్నేళ్ల అలవాటో. ఆ గోడ వచ్చి కాలవలో పడి ఉంది. నేను జరిమానాకి భయపడి, డబ్బులిచ్చి, ఊరి కాలవలో పోయించానన్నమాట. నన్ను ఇంతగా కుంగదీసిన విషయం ఈమధ్య ఇంకోటి లేదు.

మంత్రిగారూ, ఈ తప్పులో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను. కానీ ఆ రాత్రి నేను న్యాయంగా చేయగలిగిన పని ఏమిటో మీరే చెప్పండి.

నిర్మాణ వ్యర్థాల మీద కేంద్రం 2016 మార్చి 29న నిబంధనలు ఇచ్చింది. రద్దును రోడ్డుకీ డ్రెయిన్‌కీ అడ్డంగా పోయకూడదని ఇంటివాళ్లకు చెప్పింది. డబ్బాలు పెట్టి, స్థలం చూపించి, వేళకు తీసుకెళ్లాలని స్థానిక సంస్థలకు చెప్పింది. అయిదు లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఇచ్చిన గడువు మూడేళ్లు, అది 2019లోనే ముగిసింది. ఇప్పుడు 2025 నిబంధనలు వచ్చాయి, అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. వాటిలో రీసైక్లింగ్ బాధ్యత పడేది 20,000 చదరపు మీటర్లు, ఆ పైన కట్టే నిర్మాణాల మీద. పెద్ద బిల్డర్లను పట్టుకోవడం అవసరమే. అయితే మా ఊళ్లో అంత పెద్ద కట్టడం ఒక్కటీ లేదు. మా కాలవల్లో పడుతున్నదంతా నాలాంటి వాళ్ల బాత్‌రూములు, వంటిళ్లు, ప్రహరీ గోడలే. ఒక్కొక్కరిదీ కొంచెమే కాబట్టి ఎవరి లెక్కలోకీ రాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, మా చుట్టాలు మేడ మీద గడిపారు. నీళ్లు పోయే దారులు ఇరుకైపోతే ఏమవుతుందో ఆ రోజుల్లో అందరం మాట్లాడుకున్నాం. మా కాలవ చిన్నది. మా వాన మాకూ ఉంది.

ఇది చేయలేని పని కాదు. ఢిల్లీలో బురారి దగ్గర 2009లోనే రద్దును పిండిచేసి మళ్లీ వాడే ప్లాంటు పెట్టారు. హైదరాబాద్‌లో జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో నడుస్తున్నాయి. పిండిచేసిన కాంక్రీటును కంకరగా వాడొచ్చని మన దేశ ప్రమాణం ఐఎస్ 383 కూడా 2016 నుంచి ఒప్పుకుంటోంది. ఇనుము లేని మామూలు కాంక్రీటులో నాలుగో వంతు దాకా కలపొచ్చు. ఫుట్‌పాత్ బిళ్లలకు, డ్రెయిన్ కింద బెడ్డుకు మున్సిపాలిటీలే కొనుక్కుంటే ఆ సరుకుకు గిరాకీ ఉంటుంది.

మా చిన్న ఊరికి ప్లాంటు అడగడం లేదు. ఊరి చివర కంచె వేసిన అర ఎకరం, ఒక వాచ్‌మన్, గేటు మీద రేటు రాసిన బోర్డు చాలు. గోతాలు ఆటోలో తెచ్చినా తీసుకోవాలి. కుప్ప పెరిగినప్పుడు నాలుగైదు ఊళ్లకు కలిపి ఒక క్రషర్ తిరిగితే సరిపోతుంది. ఇటుక ముక్కలు మెరకకి కావాల్సినవాళ్లు ఊరికే పట్టుకుపోవచ్చు. ట్రాక్టరుకి వార్డు సచివాలయం ఒక చీటీ రాసిస్తే అతనికి రాత్రి పదకొండు దాకా కాచుకునే అవసరం ఉండదు, పగలే తోలతాడు. 'మన మిత్ర' వాట్సాప్‌లో ఇన్ని సేవలు ఇస్తున్నారు, రద్దు తీయించడానికి అందులో ఒక మీట పెట్టండి. డబ్బు సంగతి టెన్షన్ పడకండి. చెత్త పన్ను ఎత్తేశారు, జనం సంతోషించారు. ఇది నెల నెలా పన్ను కాదు, ఇల్లు బాగు చేయించుకున్నప్పుడు ఒకసారి ఇచ్చే కూలి. నేను ట్రాక్టరుకి ఇచ్చిన రెండు వేల నాలుగు వందలూ మున్సిపాలిటీకి కట్టి రసీదు తీసుకునేవాణ్ణి.

ఇంకొక్క విషయం. పెరటి వసారా మీద పాత సిమెంటు రేకులు ఉండేవి, ఆస్‌బెస్టాస్‌వి. పగిలినప్పుడు వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. వాటిని నేను ట్రాక్టరులో వేయనివ్వలేదు. నీళ్లతో తడిపి, టార్పాలిన్‌లో చుట్టి, తాడు కట్టి మెట్ల కింద పెట్టాను. మనవడు అటు వెళ్లకుండా ఒక బల్ల అడ్డం పెట్టాం. వాటిని ఎక్కడ అప్పగించాలో మీ శాఖ చెప్పిన రోజున నేనే బండి మాట్లాడుకుని తీసుకెళ్తాను.

ఇట్లు,
డెల్టా పట్టణంలో ఒక ఇంటి యజమాని