ఆటగాళ్ల కంటే ముందు పిచ్ సంగతి చూడాలి

సంపాదకులకు,

అమెరికాలో కొత్త ప్రొఫెషనల్ క్రికెట్ జట్టు అనగానే చర్చంతా ఏ స్టార్‌ను తీసుకున్నారన్న దగ్గరే ఆగిపోతోంది. మరి మైదానం? 2023లో ఆరు జట్లతో మొదలైన మేజర్ లీగ్ క్రికెట్ తొలి సీజన్ మొత్తం టెక్సస్‌లోని గ్రాండ్ ప్రెయిరీ, నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లలోనే జరిగింది. సత్య నాదెళ్ల, జీఎంఆర్ పెట్టుబడి ఉన్న సియాటిల్ ఆర్కాస్ జట్టు కూడా ఆ సీజన్‌లో సొంతూళ్లో ఒక్క మ్యాచ్ ఆడలేదు.

22 గజాల పిచ్‌కు బంకమట్టిని పొరలుగా పరిచి, ఒక్కో పొరనూ తడిపి రోలర్‌తో అణచాలి. పొరలు అతుక్కోకపోయినా, గడ్డి వేరు లోతుకు దిగకపోయినా ఒక బంతి మోకాలి కిందికి, మరోటి గొంతు మీదికి వస్తుంది. 2024 టీ20 ప్రపంచకప్‌లో న్యూయార్క్‌లో జరిగిందదే. ఫ్లోరిడాలో పెంచి లారీల్లో తెచ్చిన పిచ్‌లు కుదురుకోకముందే ఆడించారు. శ్రీలంక 77కే కుప్పకూలింది. పిచ్ సిద్ధం కాని ఊరికి కొత్త జట్టును లీగ్ ఇవ్వకూడదు.

– ఒక పాఠకుడు