పాత డ్రాయింగులు తూకానికేనా?

దశాబ్దాల పాటు ఒక ప్రాంతానికి రూపురేఖలు దిద్దిన ఆర్కిటెక్చర్ సంస్థలు మూతపడితే, వాటి డ్రాయింగులు చిత్తుకాగితాల కింద తూకానికి పోతున్నాయి. నేను చూసిన ఒక కట్టలో, షీటు అంచున పునాది లోతు ఎందుకు పెంచారో పెన్సిలుతో రాసి ఉంది. ఆ సంగతి మరెక్కడా దొరకదు. దూలం ఎక్కడుందో, మురుగు గొట్టం ఎటు పోతుందో తెలియకపోతే మరమ్మతుకు గోడలు పగలగొట్టి వెతకాల్సిందే. 1842లో ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతిలో తీసిన నీలి ప్రతులు (బ్లూప్రింట్లు) వెలుతురుకు వెలిసిపోతాయి, పాత ట్రేసింగ్ కాగితం మడత దగ్గర పెళుసుగా విరుగుతుంది. కాబట్టి జాప్యం తగదు. మూతపడే సంస్థ తన డ్రాయింగులను స్థానిక గ్రంథాలయానికో పురపాలక సంఘానికో అప్పగించేలా నిబంధన తేవాలి. స్కాన్ చేశాం కదా అని అసలు ప్రతులను పారేయకుండా, వెలుతురు సోకని చోట చదునుగా పరిచి భద్రపరచాలి.