లేపాక్షి స్పేస్ సిటీలో వెల్డింగ్ ఎవరు చేస్తారు? మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి, శిక్షణ శాఖ మంత్రివర్యులకు,

అనంతపురం నుంచి నమస్కారాలు. నేను ప్రభుత్వ ఐటీఐలలో పిల్లలకు వెల్డింగ్ నేర్పి రిటైరైన మనిషిని. రాకెట్ల గురించి, ఫ్యూజన్ గురించి వార్త ఎక్కడ కనబడినా వదలకుండా చదువుతాను. "ఈ వయసులో నీకెందుకప్పా ఇవన్నీ" అని తోటివాళ్లు నవ్వుతుంటారు. నాకు ఆ వార్తల్లో అడుగడుగునా నేను నేర్పిన పనే కనబడుతుంది. ఆ పని గురించే మీకు ఈ ఉత్తరం.

లేపాక్షిలో, తిరుపతిలో స్పేస్ సిటీలు వస్తాయని 2025లో ప్రభుత్వం తెచ్చిన స్పేస్ పాలసీలో చెప్పారు. సంతోషం. లేపాక్షి పేరు చెప్పి ఒకసారి వేల ఎకరాలు తీసుకుని, ఆ తర్వాత ఒక్క ఫ్యాక్టరీ కూడా కట్టని అనుభవం ఈ ప్రాంతానికి ఉంది కాబట్టి ఆ సంతోషాన్ని కాస్త అదుపులో పెట్టుకునే మాట్లాడుతున్నాను. ఈసారి కడతారనే అనుకుందాం. కట్టాక లోపల పనిచేసేది ఎవరు? ఇంజనీర్లకు కొదవ లేదు, బెంగళూరు పక్కనే ఉంది. నేను అడిగేది వెల్డింగ్ టార్చ్ పట్టుకుని నిలబడేవాళ్ల గురించి. ఆ ఉద్యోగాలు హిందూపురం, మడకశిర, కళ్యాణదుర్గం పిల్లలకు వస్తాయా, లేక వాళ్లకు మళ్లీ గేటు దగ్గర కాపలా పనేనా? సోలార్ పార్కులు వచ్చినప్పుడు నా దగ్గర చదివిన కొందరికి దక్కింది పలకలు కడిగే పని. అందుకే ముందుగా అడుగుతున్నాను.

రాకెట్ల సంగతి మీకు తెలియనిది కాదు. 2015 డిసెంబరులో అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9 మొదటి దశ, అంటే కింది భాగం, పైకి వెళ్లి, తిరిగొచ్చి నేల మీద నిలువుగా దిగింది. 2017 మార్చిలో అలా దిగినదాన్నే మళ్లీ ఎగరేశారు. ఇప్పుడు ఒకే బూస్టరు (ఆ కింది భాగమే) ముప్పైసార్లకు పైగా ఎగిరింది. 2024 అక్టోబరు 13న అదే కంపెనీ పెద్ద రాకెట్ స్టార్‌షిప్ కింది భాగం బయల్దేరిన చోటికే తిరిగొస్తే, టవరుకు బిగించిన రెండు ఇనుప చేతులు దాన్ని గాల్లోనే పట్టుకున్నాయి. 2025 నవంబరులో మరో అమెరికా కంపెనీ బ్లూ ఆరిజిన్ కూడా తన న్యూ గ్లెన్ రాకెట్ బూస్టరును సముద్రంలో నౌక మీద దించింది. ఆ తర్వాతి నెలలోనే చైనా కంపెనీ ల్యాండ్‌స్పేస్ ప్రయత్నించింది. పై భాగం కక్ష్యకు చేరింది గానీ, కిందిది దిగబోతూ కూలిపోయింది. దీనివల్ల మనకేం అంటారా? 4,700 కిలోల మన జీశాట్-ఎన్2 ఉపగ్రహం అప్పట్లో మన పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3కి బరువెక్కువై, 2024 నవంబరులో ఫ్లోరిడా నుంచి ఆ ఫాల్కన్ 9 మీదే వెళ్లింది. వాడిన రాకెట్‌నే మళ్లీ వాడేవాడి దగ్గరికి మనమూ వెళ్లాల్సి వచ్చింది.

ఇక నా పని దగ్గరికి వస్తాను. స్టార్‌షిప్‌ను స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేస్తారు. మొదట కార్బన్ ఫైబర్ అనుకుని, 2018 చివర్లో మార్చుకున్నారు. గడ్డకట్టే చలిలో ఈ స్టీలు ఇంకా గట్టిపడుతుంది, తిరిగొచ్చేటప్పటి వేడికి తట్టుకుంటుంది, పైగా చవక. కిలో కార్బన్ ఫైబర్ 135 డాలర్లయితే స్టీలు 3 డాలర్లేనని స్పేస్‌ఎక్స్ అధిపతి మస్క్ స్వయంగా లెక్క చెప్పాడు. టెక్సస్‌లో సముద్రం ఒడ్డున డేరాల్లో రింగులు ఒకదానిమీద ఒకటి నిలబెట్టి వెల్డ్ చేశారు. 2020 ఫిబ్రవరి 28న ఎస్‌ఎన్1 అనే నమూనాలో ద్రవ నైట్రోజన్ నింపి ప్రెషర్ ఎక్కిస్తుంటే అడుగు ఊడి ట్యాంకు ఎగిరిపడింది. ఇంజిన్ల తోపుడంతా మోసే అడుగు పళ్లెం దగ్గర వెల్డింగ్ నిలవలేదు. తర్వాతి ట్యాంకు ఎస్‌ఎన్2ను ప్రత్యేకంగా ఆ జాయింట్ పరీక్షించడానికే వాడారు. ప్రపంచంలోకెల్లా డబ్బున్న కంపెనీల్లో ఒకటి ఒక అతుకు కోసం ఒక ట్యాంకు కేటాయించిందన్న మాట. ఆ వీడియో చూసిన రోజు మా పాత విద్యార్థులందరికీ వాట్సాప్‌లో పంపాను.

మనవాళ్లూ చేతులు కట్టుకుని లేరు. మన జిల్లాను ఆనుకునే ఉన్న చిత్రదుర్గ జిల్లాలో, రాయదుర్గం దాటి మొలకాల్మూరు మీదుగా వెళ్తే వచ్చే చళ్లకెరె దగ్గరి రన్‌వే మీద ఇస్రో తన రెక్కల వాహనం పుష్పక్‌ను మూడుసార్లు దించింది. మొదటిది 2023 ఏప్రిల్ 2న, చివరిది 2024 జూన్ 23న. చినూక్ హెలికాప్టర్ నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలేస్తే, లోపల పైలట్ లేకుండా తనంతట తానే దారి సరిచేసుకుని గంటకు 320 కిలోమీటర్లు దాటిన వేగంతో నేలను తాకింది. ప్రయాణికుల విమానం దిగే వేగం 260 దగ్గర ఉంటుంది. ఇంత పెద్ద పని మన పొలిమేర అవతలే జరిగితే మా ఊళ్లో దాని గురించి మాట్లాడుకున్నవాళ్లు చాలా తక్కువ. 2024 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ మొదటి దశను మళ్లీ వాడుకోగలిగే కొత్త రాకెట్, ఎన్‌జీఎల్‌వీకి 8,240 కోట్లు ఇచ్చింది. 2025 జనవరిలో ప్రధానంగా దాని కోసం శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు దాదాపు 3,985 కోట్లు మంజూరు చేసింది. అంత డబ్బులో పైపులు, ట్యాంకులు, వాటి అతుకుల వాటా ఎంతుంటుందో మీ ఇంజనీర్లను అడగండి.

ఫ్యూజన్ దగ్గర ఈ పని ఇంకా కఠినం. తేలికైన పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుట్టడమే ఫ్యూజన్; సూర్యుడిలో జరిగే ఆ పనిని నేల మీద జరిపించాలి. ఫ్రాన్స్‌లో మన దేశంతో కలిపి ఏడు భాగస్వాములు కడుతున్న ఐటర్ అనే ఫ్యూజన్ ప్రయోగ యంత్రంలో ప్లాస్మా, అంటే విపరీతంగా వేడెక్కి విద్యుదావేశం పొందిన వాయువు, 15 కోట్ల డిగ్రీలకు చేరాలి. దానికి కొద్ది మీటర్ల దూరంలోనే, దాన్ని గోడలకు తగలకుండా పట్టి ఉంచే అయస్కాంతాలు మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉండాలి. ఆ మొత్తాన్ని పెట్టే పాత్ర పేరు క్రయోస్టాట్. వేడి చేరకుండా టీ ఫ్లాస్కులో ఉన్నట్టే శూన్యం ఉంచే పాత్ర, కాకపోతే ఇది 29 మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు, 3,850 టన్నుల బరువు. దీన్ని చేసింది మనవాళ్లే. గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ 54 ముక్కలుగా తయారుచేసి పంపింది, అక్కడ వాటిని కలిపి వెల్డ్ చేశారు. 2020 మేలో 1,250 టన్నుల అడుగు భాగాన్ని గొయ్యిలోకి దించినప్పుడు పేపర్లో ఫొటో చూసి కత్తిరించి పెట్టుకున్నాను.

ఆ ఐటరే తర్వాత ఎక్కడ చతికిలబడిందో చూడండి. అయస్కాంతాలకు వేడి తగలకుండా మధ్యలో పెట్టే థర్మల్ షీల్డ్ పలకల మీద దాదాపు 23 కిలోమీటర్ల సన్నటి పైపు వెల్డ్ చేశారు. 2021 చివర్లో హీలియం లీక్ టెస్టులో ఒక చోట లీకు బయటపడింది. తవ్వి చూస్తే పగుళ్లు. పైపు వంచినప్పుడు, వెల్డ్ చేసినప్పుడు లోహంలో ఉండిపోయిన బిగువుకు, వెల్డింగ్ పక్కన సందుల్లో మిగిలిపోయిన క్లోరిన్ తోడై మెల్లగా లోహాన్ని తినేసింది. దీనికి తోడు ప్లాస్మా ఉండే వాక్యూమ్ పాత్ర ముక్కల అంచులు కొలతలకు సరిపోలేదు. గొయ్యిలోకి దించిన ముక్కను మళ్లీ పైకి తీసి విప్పాల్సి వచ్చింది. 2024లో ఇచ్చిన కొత్త షెడ్యూలు ప్రకారం అసలు పరిశోధన మొదలయ్యేది 2034లో, డ్యుటీరియం, ట్రిటియం (హైడ్రోజన్ రకాలు) అనే అసలు ఇంధనంతో నడిచేది 2039లో. ఆలస్యానికి కోవిడ్ లాంటి వేరే కారణాలూ ఉన్నాయి, అన్నీ వెల్డర్ల మీద తోయడం అన్యాయం. కానీ ఇన్ని దేశాల మేధావులు లెక్కలు కట్టిన యంత్రాన్ని సరిగా తుడవని సందు కూడా వెనక్కి లాగింది.

మా షెడ్లో నేను అరిచిన మాటే ఇది. స్టెయిన్‌లెస్ మీద చెమట చేతులు పెట్టొద్దు, బోరు నీళ్లతో కడగొద్దు అని. మా బోర్లలో ఉప్పు ఎంతో అనంతపురంలో పంట పెట్టిన ఎవరినడిగినా చెబుతారు. ఆ ఉప్పులో ఉండేదీ క్లోరైడే.

ఫ్యూజన్ కరెంటు రేపో మాపో మా మీటరుకు వస్తుందని నేను అనడం లేదు. 2022 డిసెంబరు 5న అమెరికాలో నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో ఇంధనపు గుళిక మీద 2.05 మెగాజూళ్ల లేజర్ కొడితే 3.15 మెగాజూళ్లు తిరిగొచ్చాయి. నిజమే, కానీ ఆ లేజర్లు వెలగడానికి గ్రిడ్ నుంచి 300 మెగాజూళ్ల దాకా తీసుకున్నారు. 2025 జనవరిలో చైనా వాళ్ల ఈస్ట్ అనే యంత్రం 1,066 సెకన్లు, ఫిబ్రవరిలో ఫ్రాన్స్ వాళ్ల వెస్ట్ అనే యంత్రం 1,337 సెకన్లు ప్లాస్మాను నిలబెట్టాయి. అవి నిలబెట్టాయంతే, కరెంటు పుట్టించలేదు. "కృత్రిమ సూర్యుడు వచ్చేశాడు" అని మన టీవీల్లో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. కరెంటు ఎప్పుడొస్తుందో గానీ, యంత్రాలు కట్టడం ఇప్పుడే జరుగుతోంది. జీతాలు కూడా ఇప్పుడే ఇస్తున్నారు. నాకు కావలసింది ఆ జీతాల్లో మా పిల్లలకు భాగం.

ఇప్పుడు మన షెడ్లో ఏముందో చెబుతాను. వెల్డర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిది పాసైతే చేరొచ్చు. సిలబస్‌లో టిగ్ వెల్డింగ్ ఉంది, అంటే ఆర్గాన్ గ్యాసు కాపలాలో టంగ్‌స్టన్ మొనతో చేసే నాజూకు వెల్డింగ్. నేను పనిచేసిన ఒక చోట టిగ్ మిషన్ వచ్చింది, కవరు విప్పకుండా చాన్నాళ్లు మూలనే ఉంది. ఎందుకంటే ఆర్గాన్ సిలిండర్‌కు బిల్లు ఏ పద్దు కింద పెట్టాలో తేలలేదు. మామూలు ఎలక్ట్రోడ్లకు పద్దు ఉంది, గ్యాసుకు లేదు. టార్చ్‌ను బోర్డు మీద బొమ్మ గీసి నేర్పాం. టిగ్ బొమ్మతో వచ్చే విద్య కాదు. కుడి చేతిలో టార్చ్, ఎడమ చేతిలో ఫిల్లర్ రాడ్, టంగ్‌స్టన్ మొన లోహానికి రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఆడాలి. కరిగిన లోహానికి మొన తగిలితే ఆపి, మళ్లీ గ్రైండింగ్ పట్టాల్సిందే. స్టెయిన్‌లెస్ మీద బీడు (వెల్డింగ్ గీత) తేనె రంగులో వస్తే మంచిది, బూడిద రంగు తిరిగితే గాలి తగిలినట్టు. పైపు లోపల ఆర్గాన్ నింపకుండా చేస్తే బయట అందంగా ఉంటుంది, లోపల నల్లగా గడ్డలు కడుతుంది. ఆ పైపులో ద్రవ ఆక్సిజన్ పోనిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇదంతా చేతికి రావాలంటే పిల్లవాడు కేజీల కొద్దీ రాడ్ కాల్చాలి, సిలిండర్ల కొద్దీ గ్యాసు ఖర్చు పెట్టాలి.

అందువల్ల మా పిల్లలు గేట్లు, గ్రిల్లులు, ట్రాక్టర్ ట్రాలీలు బాగా చేస్తారు. తెలివైనవాళ్లు బెంగళూరులోని పీణ్యా పారిశ్రామికవాడకు వెళ్లి, అక్కడ హెల్పర్లుగా చేరి మిగతాది నేర్చుకుంటారు. అక్కడ రాటుదేలినవాడు మళ్లీ అనంతపురం రాడు.

మంత్రిగారూ, అడిగేది పెద్దదేమీ కాదు. ఐటీఐ ట్రేడ్లను ఖరారు చేసే కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ (డీజీటీ) జాబితాలో "వెల్డర్ (వెల్డింగ్ అండ్ ఇన్‌స్పెక్షన్)", "వెల్డర్ (జీఎంఏడబ్ల్యూ అండ్ జీటీఏడబ్ల్యూ)" అని ప్రత్యేక ట్రేడ్లు ఇప్పటికే ఉన్నాయి (జీటీఏడబ్ల్యూ అంటే పైన చెప్పిన టిగ్గే). వాటిని అనంతపురం, హిందూపురం, కడప, కర్నూలులో ఒక్కో ప్రభుత్వ ఐటీఐలోనైనా పెట్టండి. వేయి ప్రభుత్వ ఐటీఐలను బాగు చేయడానికి కేంద్రం 60,000 కోట్లతో పీఎం సేతు తెచ్చింది. అందులో కొన్ని పెద్ద ఐటీఐలను కేంద్రాలుగా ఎంచి, చుట్టుపక్కలవాటిని వాటికి కలుపుతారు. లేపాక్షి స్పేస్ సిటీ గురించి మాట్లాడే ప్రభుత్వం హిందూపురాన్ని అలాంటి కేంద్రంగా ప్రతిపాదించకపోతే ఇంకెక్కడ ప్రతిపాదిస్తుంది? ఆర్గాన్‌కు, ఫిల్లర్ రాడ్లకు ఏటా విడిగా పద్దు పెట్టండి. అన్నిటికంటే ముందు కావాల్సింది అదే, అదే అందరూ మరిచిపోయేది కూడా. మిషన్ కొనడానికి రిబ్బన్ కటింగ్ ఉంటుంది, గ్యాసు కొనడానికి ఉండదు.

శిక్షకుల సంగతి కూడా చూడండి. రంగు ద్రవంతో పగుళ్లు పట్టే డై పెనెట్రెంట్ టెస్టు, ఎక్స్‌రే ఫిల్ము చదవడం, హీలియం లీక్ టెస్టు నేర్పాలంటే ముందు నేర్పేవాడికి రావాలి. ఐటర్‌కు మన దేశం తరఫున పనిచేసే ప్లాస్మా పరిశోధన సంస్థ గాంధీనగర్ దగ్గరుంది, 1989 నుంచి ఆదిత్య అనే టోకమాక్ (అయస్కాంతాలతో ప్లాస్మాను పట్టి ఉంచే యంత్రం) నడుపుతోంది. శ్రీహరికోట మన రాష్ట్రంలోనే ఉంది. ప్రతి వేసవి సెలవుల్లో ఇద్దరు ముగ్గురు శిక్షకులను అక్కడికి పంపేలా మీరు ఒక ఉత్తరం రాస్తే చాలు. ఇస్రో టెక్నీషియన్-బి పోస్టులకు పదో తరగతి పాసై, ఆ ట్రేడ్‌లో ఐటీఐ సర్టిఫికెట్ ఉండటమే అర్హత. ఆ సంగతి మా పిల్లల్లో చాలామందికి నోటిఫికేషన్ గడువు దాటాకే తెలుస్తోంది.

చివరిది, కంపెనీలకు నచ్చనిది. 30 మంది, అంతకు మించి పనివాళ్లున్న సంస్థ రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని చట్టం ఉంది. లేపాక్షిలో స్థలం ఇచ్చే ఒప్పందంలోనే, ఆ అప్రెంటిస్‌లలో సగమైనా రాయలసీమ ప్రభుత్వ ఐటీఐల నుంచి తీసుకోవాలని రాయించండి. భూమి రిజిస్ట్రేషన్ అయిపోయాక అడిగితే ఎవరూ వినరు. రాయితీలు ఇచ్చేటప్పుడే అడగాలి.

కొత్త ట్రేడ్‌కు డీజీటీ అనుమతి తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది. వచ్చే ఏడాది అడ్మిషన్ల నోటిఫికేషన్ వచ్చేలోపు ఆ దరఖాస్తు మీ శాఖ నుంచి వెళ్లిందా లేదా, ఏ ఐటీఐకి ఏ ట్రేడ్ అడిగారు అన్నది పత్రికల ద్వారా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ వెల్డింగ్ శిక్షకుడు,
అనంతపురం.