ఏడో తరగతి దాటాక ఈత ఎందుకు ఆగిపోతోంది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఏటా ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులివ్వగానే పత్రికల్లో రెండు రకాల వార్తలు చూస్తుంటాను. ఒకటి వేసవి ఈత శిక్షణ మొదలైందని, తేలే బోర్డులు పట్టుకుని నీళ్లలో నవ్వుతున్న చిన్నపిల్లల ఫొటోతో వచ్చే వార్త. ఇంకొకటి స్నేహితులతో కలిసి కాలువకో, చెరువుకో, క్వారీ గుంటకో వెళ్లి మునిగిపోయిన పిల్లల వార్త. ఫొటోలో ఉన్నవాళ్లకు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. మునిగిపోయినవాళ్లు చాలాసార్లు పద్నాలుగు, పదహారేళ్లవాళ్లు. ఆ రెండు వయసుల మధ్య మన పిల్లలు ఈతకు ఎందుకు దూరమవుతున్నారో ఒక తల్లిగా నేను చూసింది చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది విజయవాడ. ఆరు వేసవులు పొద్దున్నే ఆరింటికి పిల్లల్ని తీసుకెళ్లి పూల్ గట్టు మీద కూర్చున్నాను. మా అమ్మాయి ఏడేళ్లప్పుడు చేరింది, తర్వాత రెండేళ్లకు బాబు. మొదటి వారమంతా ముఖం నీళ్లలో పెట్టి బుడగలు ఊదడం, గోడ పట్టుకుని కాళ్లు కొట్టడం. రెండో వారానికి తేలడం వచ్చింది. మే నెల చివరికి పాప 25 మీటర్లు ఆపకుండా ఈది, అవతలి గోడ పట్టుకుని 'అమ్మా, చూశావా' అని అరిచింది. ఆ అరుపు నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఆ ఆరేళ్లలో ప్రతి వేసవీ ఒకటే తీరు. చిన్నపిల్లల బ్యాచ్‌లో చోటు దొరకడమే కష్టం. పదేళ్లు దాటినవాళ్ల దగ్గరికొచ్చేసరికి లైన్లు పలచబడిపోతాయి. పదమూడు దాటిన అమ్మాయిలు ఒక ఏడాది ఇద్దరున్నారు, ఆ తర్వాతి ఏడాది ఒక్కరూ లేరు. మా అమ్మాయి కూడా ఏడో తరగతి పరీక్షలు రాసి, ఆ వేసవికి 'నేను రాను' అంది. బద్ధకం అనుకున్నాను, ఫోన్ పిచ్చి అనుకున్నాను. గట్టిగా కోప్పడ్డాను కూడా. అసలు సంగతి రెండేళ్ల తర్వాత ఒక రాత్రి తనే చెప్పింది.

మొదటి కారణం నెలసరి. ఇరవై ఒక్క రోజుల శిక్షణలో నాలుగైదు రోజులు రాకపోతే 'ఎందుకు రాలేదు' అని అందరి ముందూ అడుగుతారు. నేర్పేవాళ్లందరూ మగవాళ్లే, వాళ్లకు ఏమని చెబుతుంది? వాళ్లు మంచివాళ్లే, ఓపికగా నేర్పారు, అందులో నాకే ఫిర్యాదూ లేదు. కానీ చెయ్యి పట్టి తేలించి నేర్పడం ఏడేళ్ల పాపకు ఒకలా ఉంటుంది, పదమూడేళ్ల అమ్మాయికి ఇంకోలా ఉంటుంది. బట్టలు మార్చుకునే గదికి గడియ సరిగ్గా పడదు. గట్టు మీద ఎవరెవరి నాన్నలో, అన్నలో కూర్చుని ఉంటారు. స్విమ్ సూట్‌లో వాళ్లందరి ముందు నుంచి నడిచి వెళ్లాలి. ఇక ఇళ్లలో 'ఎండకు నల్లబడిపోతున్నావు, రేపు పెళ్లెలా అవుతుంది' అనే మాట ఉండనే ఉంది. ఆ మాట మా ఇంట్లోనూ వినిపించింది. నేను ఖండించలేదు. అందుకు నేనిప్పటికీ బాధపడుతున్నాను.

మగపిల్లల కథ వేరు. మా బాబు ఎనిమిదో తరగతికి రాగానే ఫౌండేషన్ కోర్సు అన్నారు. సెలవుల్లో తరగతులు పెట్టకూడదని ప్రభుత్వం ఎన్నిసార్లు చెప్పినా, పై తరగతి పాఠాలు మే నెలలోనే మొదలుపెట్టేసే బడులు ఎన్ని ఉన్నాయో తల్లిదండ్రులందరికీ తెలుసు. పొద్దున ఏడున్నరకు క్లాసు ఉంటే ఆరింటికి ఈత ఎక్కడ కుదురుతుంది? పదో తరగతి, ఇంటర్, ఈఏపీసెట్ అంటూ ఆ తర్వాత ఐదేళ్లు పిల్లవాడికి నీళ్లంటే బకెట్లో నీళ్లే.

ఇవి కాక ఇంకో కారణం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఈత వచ్చిన పిల్లలకు తర్వాతి మెట్టు ఏమిటి? చివరి రోజు పోటీలు పెట్టి ముగ్గురికి పతకాలిస్తారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఏడాదంతా ప్రైవేటుగా కోచింగ్ తీసుకునేవాళ్లే అయి ఉంటారు. మిగతా పాతికమందికి సర్టిఫికెట్ చేతికిచ్చి పంపించేస్తారు. మళ్లీ వేసవికి వస్తే మళ్లీ ఆ కొత్తవాళ్లతోనే బుడగలు ఊదాలి. జిల్లా పోటీల స్థాయి లేని, అలాగని నీళ్లంటే భయం కూడా లేని మామూలు పిల్లకు అక్కడ స్థానం లేదు. మా అమ్మాయి ఆఖరి ఏడాది పోటీలో చివరగా వచ్చింది. నిజానికి అంతకుముందు ఏడాది కంటే బాగా తొందరగా ఈదింది. ఆ సంగతి గమనించి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

మా చెల్లెలు అమెరికాలో, ఉత్తర వర్జీనియాలో ఉంటుంది. అక్కడ కాలనీల పూల్స్ మధ్య జరిగే వేసవి ఈత లీగు 1956 నుంచి నడుస్తోంది. మా చెల్లెలి పిల్లలు అందులో ఈదారు. ఎనిమిదేళ్లలోపు వాళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల దాకా వయసుల వారీగా విభాగాలుంటాయి. శనివారం పొద్దున పోటీలు. గెలవకపోయినా తన పాత టైమింగ్ కంటే ఒక్క సెకను తగ్గించినా టీమంతా చప్పట్లు కొడుతుందట. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు జూనియర్ కోచ్‌లుగా ఉంటారు, పదిహేనేళ్లు నిండితే శిక్షణ పొంది లైఫ్‌గార్డులు కూడా కావచ్చు. అక్కడ పిల్లలెవరూ మానేయరని నేను అనడం లేదు. ఏడాదంతా క్లబ్బుల్లో ఈదే తోటివాళ్లతో సాటి రాలేక పన్నెండు, పదమూడేళ్లకే మానేసినవాళ్లు తన చుట్టుపక్కల చాలామంది ఉన్నారని చెల్లెలు చెప్పింది. కానీ ఉండాలనుకున్న పిల్లకు అక్కడ ఒక పని ఉంది, ఒక పేరు ఉంది. ఇక్కడ మన పిల్లలకు లేనిది అదే.

ఈత సరదా కోసమైతే నేనింత ఆరాటపడేదాన్ని కాను. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం ఇటీవలి సంవత్సరాల్లో మన దేశంలో నీట మునిగి చనిపోతున్నవాళ్లు ఏటా 30 వేలకు పైనే. బడి వయసు పిల్లలకు ఈతతో పాటు నీటి దగ్గర జాగ్రత్తలు, ఎదుటివాళ్లను ప్రమాదం లేకుండా కాపాడే పద్ధతులు కూడా నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన శిక్షణల్లో ఆ రెండోదీ మూడోదీ ఉండవు. ఎందుకంటే అవి అర్థమయ్యే వయసు వచ్చేసరికి పిల్ల పూల్‌లో ఉండదు.

విజయవాడలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే పారుతాయి. పక్కనే కృష్ణ. కాలువలకు నిండుగా నీళ్లు వదిలేసరికి వేసవి బ్యాచ్‌లు అయిపోతాయి. ఎనిమిదేళ్ల పిల్లవాడు కాలువకు ఒంటరిగా వెళ్లడు. వెళ్లేది పదిహేనేళ్లప్పుడు, స్నేహితులతో, ఇంట్లో చెప్పకుండా. చిన్నప్పుడు మూడు వేసవులు నిలకడ నీళ్లలో నేర్చుకున్న ఈత మరిచిపోకపోవచ్చు, కానీ ఆరేళ్లుగా నీళ్లలో దిగని ఒంటికి ప్రవాహాన్ని తట్టుకునే దమ్ము ఉండదు. 'నాకు ఈత వచ్చు' అనే ధైర్యం మాత్రం ఉంటుంది. 'ఈతకు మించిన లోతు లేదు' అని మా తాతగారు అంటుండేవారు. ఆయన కాలంలో నడుముకు బెండ్లు కట్టుకుని బావిలో దూకి నేర్చుకున్నవాళ్లు ఆ ఈత మానలేదు, ఏడాదంతా నీళ్లలోనే ఉండేవాళ్లు.

మున్సిపల్ కార్పొరేషన్లను, క్రీడాశాఖను నేను కోరేది కొత్త పూల్స్ కట్టమని కాదు. ఉన్నవాటిలోనే పన్నెండేళ్లు దాటిన అమ్మాయిలకు సాయంత్రం ఒక గంట విడిగా ఇవ్వండి. ఆ గంటకు నేర్పేవాళ్లూ కాపలా ఉండేవాళ్లూ ఆడవాళ్లే ఉండాలి, గది తలుపుకు గడియ ఉండాలి. నెలసరి రోజులకు కారణం అడగకుండా ఆ తరగతులు తర్వాత చెప్పండి. జూన్‌లో బడులు తెరవగానే పిల్లల్ని మరిచిపోకుండా ఆదివారాలైనా వాళ్ల కోసం ఒక సమయం ఉంచండి. ఈత వచ్చిన పెద్ద పిల్లలకు, మునుగుతున్నవాళ్ల దగ్గరికి దూకకుండా గట్టు మీది నుంచే తాడో, కర్రో, చున్నీయో అందించడం ఎలాగో నేర్పండి, ఊపిరి, గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స సీపీఆర్ నేర్పండి. చిన్నవాళ్ల బ్యాచ్‌లో వాళ్లకు సాయం చేసే పని ఇవ్వండి. పోటీల రోజు ప్రతి పిల్లకూ తన నిరుటి టైమింగ్, ఈ ఏటి టైమింగ్ రాసిన కాగితం ఇవ్వండి. దీనికి ఒక స్టాప్‌వాచ్ చాలు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పెద్దపిల్ల అయ్యాక ఈతేమిటి అని అడిగేవాళ్లు మన సామర్లకోట గోలి శ్యామల గారిని గుర్తు చేసుకోవాలి. నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో ఆవిడ శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని ఈదారు.

మొన్న మా అమ్మాయిని మళ్లీ అడిగాను. 'ఆడపిల్లల బ్యాచ్ ఉంటే వస్తాను, కానీ నువ్వు కూడా దిగాలి' అంది. ఆరు వేసవులు గట్టు మీద కూర్చున్న నాకు ఈత రాదు. అలాంటి బ్యాచ్ ఎప్పుడు మొదలుపెట్టినా మొదటి రోజే ఇద్దరం వచ్చి పేర్లు ఇస్తాం.

ఇట్లు,
ఒక తల్లి,
విజయవాడ